ఫిర్యాదులో చివరి వాక్యం

బోర్గిల్డ్ తను రాసిన ఫిర్యాదును మూడోసారి చదువుకుంది. అంతా ఒక ఎత్తు, చివరి వాక్యం ఒక ఎత్తు.

‘ఒక గుర్రాన్ని ఈ గతి పట్టించిన మనిషికి ఇక జన్మలో గుర్రాన్ని పెంచే హక్కు ఉండకూడదు.’

ఆ మనిషి పక్క పొలం ఆన్‌ఫిన్. డెబ్బై రెండేళ్ళు. భార్య పోయాక ఆయనకి మిగిలిన తోడు బ్రూన్ అనే గుర్రం ఒక్కటే. దాన్ని తీసుకుపోతే ముసలాయన ఏమైపోతాడని ఊళ్ళో నలుగురూ అన్నారు. బోర్గిల్డ్ చలించలేదు. ఆమె ఆ లోయలో ఒకే లేత గోధుమరంగులో, ఒకే పోలికతో ఉండే ఫ్యోర్డ్ జాతి గుర్రాల సంఘానికి అధ్యక్షురాలు. జాలిపడటం సభ్యుల పని.

సెప్టెంబరులో ఊళ్ళో గుర్రాలన్నీ కలిసి వేసవి మేత ముగించుకుని కొండ దిగినప్పటి నుంచే ఆమె గమనిస్తోంది. తన బాల్డర్ నిగనిగలాడుతూ దిగింది. ఆ సాయంత్రమే దాని జూలును నెలవంకలా కత్తిరించి మురిసిపోయింది. బ్రూన్ మాత్రం రాళ్ళ మీద నడుస్తున్నట్టు అడుగు తీసి అడుగు వేస్తోంది. ఆన్‌ఫిన్ దాన్ని పచ్చిక మీదకే వదలడు. బురద దొడ్లో పెట్టి, నీళ్ళలో నానబెట్టిన ఎండుగడ్డి తూకం వేసి పెడతాడు. బోర్గిల్డ్ కంచె పక్కగా వెళ్తే చాలు, పాపం అది మూతి చాచి ఆమె కోటు జేబులు వెతుకుతుంది.

‘ఆకలితో మాడుస్తున్నాడు’ అని ఫిర్యాదులో రాసింది.

సంఘం సమావేశంలో కూడా ఈ సంగతే మాట్లాడింది.

“నా బాల్డర్‌నే చూడండి. వసంతకాలమంతా పొద్దున్నే నాతోపాటు జామ్ రాసిన వాఫిల్ తినేది. కొండ దిగొచ్చాక నోటి దగ్గర పెట్టినా మొహం తిప్పేస్తోంది. నిగ్రహం అంటే అదీ. గుర్రాన్ని చూస్తే యజమాని ఎలాంటివాడో తెలిసిపోతుంది.”

“వాఫిల్ మాడిందేమో,” అని వెనక వరసలో ఎవరో గొణిగారు. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు.

చాటుమాటు వ్యవహారాలు బోర్గిల్డ్‌కి గిట్టవు. ఫిర్యాదు పంపే ముందు ఆన్‌ఫిన్‌ని ఇంటికి పిలిచి, గుమ్మంలోనే నిలబెట్టి మొత్తం చదివి వినిపించింది. ఆయన టోపీ చేత్తో పట్టుకుని చివరిదాకా విన్నాడు.

“మిగతాదంతా ఉంచుకో అమ్మాయ్. ఆ చివరి వాక్యం ఒక్కటీ కొట్టెయ్,” అన్నాడు.

“ఏం, భయమేస్తోందా?”

“వేస్తోంది.”

“గుర్రానికి కడుపునిండా పెట్టనప్పుడు ఉండాల్సింది ఆ భయం.”

“సెప్టెంబరులోనే నీకో మాట చెబుదామని వచ్చాను. నువ్వు వినిపించుకోలేదు.”

“గుర్రాల గురించి మీరు నాకు చెప్పేదేముంది?”

“అప్పుడూ ఇదే అన్నావు,” అని ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నవంబరు వానలో పశుసంక్షేమ శాఖ నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. యోరున్ అని చిన్న వయసు పశువైద్యురాలు. ఫిర్యాదు చేసినవాళ్ళు అక్కడ ఉండాల్సిన పనేం లేదు. అయినా బోర్గిల్డ్ గొడుగు వేసుకుని ముందుగానే దొడ్లో నిలబడింది.

యోరున్ గుర్రం కాలెత్తి, డెక్క మీది బురదని బొటనవేలితో తుడిచింది.

“ఈ గీతలు చూశారా? పచ్చిక, తీపి మితిమీరితే డెక్క లోపల వాచి ఇలా గీతలు పడతాయి. డెక్క పెరిగేకొద్దీ గీత కిందకి దిగుతుంది. ఇది సగం దాకా దిగింది. అంటే మే నెల నాటి పాపం. ఈ గుర్రానికి తక్కువై కాదండీ, ఎక్కువై వచ్చింది రోగం.”

బోర్గిల్డ్ ఒక్క క్షణం తడబడింది. వెంటనే తేరుకుంది.

“చూశారా, నేనూ అదే అన్నాను. ఎంత పెట్టాలో కూడా ఈయనకి తెలీదు.”

“పైన వస్తున్న డెక్క మాత్రం నున్నగా ఉంది. ఈ రెండు నెలలు ఎవరో పసిపిల్లని సాకినట్టు సాకారు. తిండి కట్టడి చెయ్యకపోతే ఇది ఈపాటికి పడిపోయేది.”

“పాడుచేసిందీ తనే, బాగుచేస్తున్నానని నాటకమాడేదీ తనేనన్నమాట,” అంది బోర్గిల్డ్.

ఆన్‌ఫిన్ గుర్రం నుదుటి మీద వాన నీళ్ళు తుడుస్తూ నిలబడ్డాడు.

యోరున్ కాగితం తీసింది. “మే నెలలో దీన్ని పెంచినవాళ్ళది తప్పని రాయడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ మీరు రాసిన ఈ చివరి వాక్యం చాలా గట్టిది. ఒకసారి సంతకం పడితే నేను తీసెయ్యలేను. ఉంచమంటారా?”

“వద్దమ్మా,” అన్నాడు ఆన్‌ఫిన్, బోర్గిల్డ్ వైపు చూస్తూ. “ఇప్పటికైనా తీసెయ్యి.”

“ఉంచండి,” అని బోర్గిల్డ్ గొడుగు ఆయన చేతికే ఇచ్చి, కాగితం తడవకుండా సంతకం పెట్టింది.

ఇక మిగిలింది యజమాని పేరు రాయాల్సిన గడి ఒక్కటే. యోరున్ చర్మం కింద ఉండే గుర్తింపు చిప్‌ని చదివే యంత్రాన్ని గుర్రం మెడకి ఆనించింది. యంత్రం కూత పెట్టింది. ఆమె తెర మీది అంకెలను ఫోన్లో యజమానుల జాబితాతో సరిచూసుకుంది. మళ్ళీ ఒకసారి చూసుకుంది.

తర్వాత కలం మూత తీసి, ముసలాయన వైపు కాకుండా ఇటు తిరిగి, “బోర్గిల్డ్ గారూ, మీ బాల్డర్ ఈయన దొడ్లో ఎప్పట్నుంచి ఉంటోంది?” అని అడిగింది.