రెండో డబ్బా

“కాస్త గాలి కావాలమ్మా,” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ మనిషి.

చేతిలో సూదీ దారంతోనే తలుపు తీసిన ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. అరవై దాటిన మనిషి. రెండు చేతుల్లో రెండు గుండ్రటి స్టీలు డబ్బాలు, పుచ్చకాయలంతేసి.

“మంచినీళ్లడిగినవాళ్లను చూశాను గానీ గాలి అడిగినవాళ్లను ఇప్పుడే చూస్తున్నా!”

“గాలి పరిశోధన చేసే చోటు నుంచి వచ్చానమ్మా. మెయిన్‌రోడ్డు మీది ఇళ్లలో గది గాలి పట్టుకెళ్లి పరీక్ష చేస్తారు.”

“రానియ్యవే,” లోపలి నుంచి భర్త కేకేశాడు. “గాలేగా, మన సొమ్మేం పోయింది?”

బస్సు డిపోలో మెకానిక్‌గా రిటైరయిన ఆయనకు కబుర్లాడే మనిషి దొరికితే చాలు.

ఆమెకేమో సాయంత్రానికి కుట్టి ఇవ్వాల్సిన స్కూలు యూనిఫారాలు మిషను పక్కన కుప్పగా పడున్నాయి.

వచ్చినాయన కిటికీలు మూయించాడు. ఫ్యాను ఆపించాడు. పొయ్యి మీది గిన్నె కూడా దింపించాడు. ఆమెను వంటింట్లో ఉండమని, భర్తను మంచం మీద కదలకుండా కూచోమన్నాడు.

“నా ఒంట్లో సగం డీజిలే. మీ డబ్బా పేలిపోతుందేమో చూసుకోండి,” అన్నాడు భర్త. “ఇంతకీ ఏం వెతుకుతారండీ గాల్లో?”

“బండ్ల పొగ ఎండకు మాగి ఘాటు గాలొకటి పుడుతుందటండీ. అది లోపలికొచ్చి మన ఒంటి జిడ్డుకు తగిలితే ఇంకో రకంగా మారుతుందట. మనిషి ఊరికే కూచున్నా చాలు, గది గాలే మారిపోతుందట.”

“ఈవిడ అడుగుపెడితే గది గాలి మారిపోవడం పెళ్లయిన నాటి నుంచీ చూస్తున్నా. దానికి పరిశోధనెందుకండీ?”

వంటింట్లో ఆమె నవ్వు బిగపట్టుకుంది.

కాసేపటికి అతను డబ్బా మూతి దగ్గరున్న చిన్న కుళాయి తిప్పాడు. డబ్బా బుస్సుమంటూ గాలి లోపలికి పీల్చుకుంది.

“పరీక్ష అయిపోయినట్టేనా?” అంది ఆమె బయటికొచ్చి.

“అయిందమ్మా. ఇప్పుడు మీరు కూడా ఆయన పక్కన కూచోండి. ఈ రెండోది కూడా పట్టేస్తాను.”

“నేనెందుకు? నాకు చేతినిండా పనుంది.”

“కాసేపు కూచోండమ్మా.”

“ఏం, గాలికి కూడా జంట కావాలా?”

భర్త ఆమె చెయ్యి పట్టుకుని లాగి పక్కన కూలేశాడు. “మన ఫోటో తీయించుకుని ఎన్నాళ్లయిందే? ఇదే ఫోటో అనుకో.”

ముఖం ముడుచుకునే కూచుంది. ఆయన మాత్రం ఆ చెయ్యి వదల్లేదు.

రెండో డబ్బా కూడా బుస్సుమంది.

“దీన్నేం చేస్తారు?”

“ఉండనీండమ్మా,” అన్నాడు అతను.

గుమ్మం దాటాక వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయాడు. ఆమె అప్పటికే తలుపు వేసేసింది.

“పాపం, మంచినీళ్లన్నా ఇవ్వలేదే.”

“మళ్లీ వస్తాడులెండి, అప్పుడిద్దాం.”

అతను మళ్లీ రాలేదు. వానలు వెనకబట్టక ముందే భర్త నిద్రలోనే పోయాడు.

వచ్చిన చుట్టాలు కిటికీలన్నీ బార్లా తెరిచారు. ఇల్లంతా కడిగారు. ఆయన చొక్కాలు ఆమే ఉతికింది, అలవాటుగా.

అందరూ వెళ్లిపోయాక బీరువాలోంచి ఒక చొక్కా తీసి ముఖానికి ఆనించుకుంది. సబ్బు వాసన. దిండుకు కొత్త గలీబు. ఆయన ఛాతీకి రాసుకునే నీలగిరి తైలం మూత తీసి చూసింది. అది సీసా వాసనే గానీ ఆయన వాసన కాదు.

అప్పుడు గుర్తొచ్చాయి స్టీలు డబ్బాలు.

వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ ఆ ఆఫీసు పట్టుకునేసరికి చలికాలం వెళ్లిపోయింది. గోడ పొడుగునా అరల నిండా డబ్బాలే. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి చేతులకు తొడుగులతో, వేడి పెట్టెలోంచి ఒక డబ్బా బయటికి తీస్తోంది.

“మా ఇంటి గాలి...” అంది ఆమె.

“రిపోర్టు కోసమా పెద్దమ్మా?”

“కాదు తల్లీ. గాలే. ఆయన ఉన్నప్పటిది.”

అమ్మాయి చేతిలోని డబ్బా కింద పెట్టింది.

“పరీక్ష కాగానే వేడి చేసి ఖాళీ చేసేస్తాం పెద్దమ్మా. లేకపోతే ఒకరింటి గాలి ఇంకొకరి గాల్లో కలిసిపోతుంది.”

“రెండోది కూడానా?”

“మీ ఇంట్లో రెండు పట్టారా?”

అమ్మాయి గుమ్మం నంబరు అడిగి గబగబా వెళ్లి, అన్నిటికన్నా కింది అరలో వెనక్కి నెట్టేసిన డబ్బాల్లో వెతికి ఒకటి తెచ్చింది. మెడకు పచ్చ టేపు. టేపు మీద వాళ్ల గుమ్మం నంబరు.

“ఇవి మాకు పనికిరానివి పెద్దమ్మా. పరీక్షకు ఒక్క మనిషి, ఒక్క డబ్బా చాలు. మీ ఇంటికొచ్చినాయన మాత్రం పెద్దవాళ్లున్న ఇంటికెళ్తే ఇద్దర్నీ కూచోబెట్టి రెండోది పట్టుకొచ్చేవారు. డబ్బాలు చాలడం లేదని ఎన్నిసార్లు కేకలేశానో! ‘ఎవరైనా అడుగుతారేమో, ఉండనీ తల్లీ’ అనేవారు. ఇన్నాళ్లకు మీరొచ్చారు.”

ఆమె డబ్బాను ఒళ్లో పెట్టుకుంది. చల్లగా ఉంది. వేళ్లు కుళాయి దాకా వెళ్లాయి.

“తిప్పితే పోతుందా?”

“పోతుంది.”

వేళ్లు వెనక్కి వచ్చేశాయి.

“ఆయన్నొకసారి పిలువమ్మా. ఆవేళ మంచినీళ్లయినా ఇవ్వకుండా తలుపేసుకున్నాను.”

“లేరు పెద్దమ్మా. మొన్న చలికాలంలోనే పోయారు.”

ఆమె పచ్చటేపును నిమిరింది.

“మేమడగకుండానే మా కోసం ఇది దాచాలని ఎలా తోచింది తల్లీ ఆయనకి?”

అమ్మాయి వేడి పెట్టె వైపు చూసింది.

“ఒకరోజు మీలాగే ఆ గుమ్మంలో నిలబడి, ‘మా ఆవిడ కూచున్న గది గాలి ఉందా తల్లీ’ అని అడిగితే, అప్పుడే వేడి చేసి తీసిన ఖాళీ డబ్బా ఆయన చేతిలో పెట్టాను పెద్దమ్మా, మర్నాడు పొద్దున్నే వచ్చి, ఇక్కడ ఏ పనైనా సరే ఇప్పించమన్నారు.”