అందరూ ఈడనే ఉండారు

చేతిలో పుస్తకం పెట్టుకొని, కుంటుకుంటూ వస్తున్న పెద్దాయన్ని ముందు చూసింది రామలక్ష్మమ్మే.

"మారెమ్మా! జనాభా లెక్కలాయన వచ్చినాడు. జాగ్రత్త!" అని గోడ మీంచి కేకేసింది.

మారెమ్మ చేటను పక్కన పెట్టి లేచింది.

ఏం చెప్పాలో మాజీ సర్పంచ్ ఆంజినప్ప వారం కిందటే ఊరందరికీ నేర్పి పెట్టాడు.

"పోయిన లెక్కల్లో మనం పన్నెండు వందల మందిమి. ఇప్పుడు నిజం చెబితే ఐదొందలు గూడా తేలం. జనం లేరంటే బడి ఎత్తేస్తారు, బస్సు నిలిపేస్తారు. బెంగుళూరు పోయినోళ్ళ మాటే ఎత్తొద్దండి. ఎవురడిగినా ఒకటే మాట. అందరూ ఈడనే ఉండారు!"

ఆయన కొడుకూ బెంగుళూరులోనే ఉన్నాడు. వాన ఎగ్గొట్టిన ప్రతి ఏడూ నల్లగుట్లపల్లెలో పదిళ్ళకు తాళాలు పడ్డాయి. ఈ ఊరు చిక్కినంతా ఆ ఊరు బలిసింది.

మారెమ్మ మొగుడు రామాంజి కూడా ఇళ్ళు కట్టే బేల్దారి పనికని ఆ ఊరే పోయాడు. మొదట్లో రోజూ ఫోన్ చేసేవాడు. నెలన్నరగా స్విచాఫ్.

"ఆడ ఎవతినో తగులుకొనుంటాడు లే," అని ఓదార్చింది రామలక్ష్మమ్మ. ఆమె ఓదార్పులన్నీ అట్లాగే ఉంటాయి.

మొదట మారెమ్మ నమ్మలేదు. నెల దాటాక నమ్మింది. పెళ్ళయిన ఏడాది జాతరలో, వద్దన్నా వినకుండా ముంజేతి మీద ఆమె పేరు పచ్చబొట్టు పొడిపించుకున్న మనిషి. అంత ప్రేమ చూపించి నట్టేట ముంచాడని రోజూ తిట్టుకుంటోంది.

పెద్దాయన వాకిట్లో నిలబడ్డాడు.

"మారెమ్మంటే నువ్వేనా తల్లీ?"

"నేనే."

ఆయన పుస్తకం చూశాడు. ఆమెను చూశాడు. ఏదో అడగబోయి, "రవంత నీళ్ళిస్తావా?" అన్నాడు.

చెంబెడు నీళ్ళూ తాగి మెల్లగా అడిగాడు.

"మీ ఆయన యాడున్నాడు తల్లీ?"

గోడ అవతల రామలక్ష్మమ్మ దగ్గింది.

"మేకలు తోలుకపోయినాడు. పొద్దుగూకితే వస్తాడు."

"బెంగుళూరు పోలేదా?"

"ఆయనకేం ఖర్మ? మా ఊర్నించి ఎవురూ పోలేదు."

"నిజంగా ఇంట్లోనే ఉండాడా?"

"నీకెన్నిసార్లు చెప్పాలప్పా? పొద్దున సంగటి తిని పోయినాడు!"

పెద్దాయన ముఖం విప్పారింది. కళ్ళు తుడుచుకున్నాడు.

"బతికించినావు తల్లీ. ఇద్దరూ నూరేళ్ళు సల్లగుండండి."

పుస్తకంలో ఒక గీత గీసుకొని, మళ్ళీ కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఇదేం లెక్కలాయనే! నీ మొగుడు ఇంట్లో ఉంటే ఆయనకేం సంబరం?" రామలక్ష్మమ్మ పడీపడీ నవ్వింది.

"భలే చెప్పినావు మారెమ్మా!" అని, సంగతి విని ఆంజినప్ప మెచ్చుకున్నాడు.

మారెమ్మకూ హాయిగానే ఉంది. అబద్ధమైతేనేం, కాసేపు మొగుడున్న ఆడదానిలా మాట్లాడింది.

రెండు రోజుల తర్వాత హేమావతి టీచర్ వచ్చింది. చేతిలో ఫోన్ ఉంది.

"జనాభా లెక్కలమ్మా. ఇంట్లో ఎంతమంది?"

"మొన్ననే రాసుకోని పోయినారు కదా మేడం," అన్నాడు వెంట వచ్చిన ఆంజినప్ప.

"ఎవరు? ఈ ఊరు నాకిచ్చినారు. వేరేవాళ్ళెందుకొస్తారు?"

"పుస్తకం పట్టుకోని, కుంటుతా ఒకాయన..."

"ఇప్పుడు పుస్తకాలు యాడివి సార్? అంతా ఫోన్లోనే."

అంతలో ఆమెకు గుర్తొచ్చింది.

"ఓ, యేసన్నా? పాపం, మొన్న సాయంత్రం తాడిపత్రి బస్సులో నా పక్కనే కూర్చున్నాడు."

"ఎవురు మేడం ఆయన?" అంది మారెమ్మ.

"కాలు విరిగి బెంగుళూరు ఆసుపత్రిలో చేరినాడంట. పక్క మంచం మీద ఒక బేల్దారి. పైనుంచి పడి మాట పోయింది. ఫోను ముక్కలైపోయింది. అడ్డా మీంచి తెచ్చుకున్న కూలి, పేరు గూడా ఎవరికీ తెలీదు. నెల రోజులు ఈ యేసన్నే గంజి తాపినాడంట. ఆ మనిషి జేబులో తాడిపత్రి బస్సు టికెట్టు దొరికితే, తన కాలు ఇంకా బాగు కాకముందే పుస్తకంలో ఊర్లన్నీ రాసుకోని బయల్దేరినాడు. ఒక్కసారి పెండ్లాన్ని చూపిస్తే చాలనుకున్నాడంట."

"దొరికిందా?" అడిగాడు ఆంజినప్ప.

"యాడ దొరుకుతుంది? ఏ ఊర్లో అడిగినా అందరూ ఈడనే ఉండారన్నారంట. బస్సులో ఉండంగనే ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఆ బేల్దారి పోయినాడని."

మారెమ్మ గడప మీద కూర్చుంది.

"పెండ్లామని ఎట్ల తెలుసు మేడం?"

"చేతిమీద పచ్చబొట్టుంది కదా. మారెమ్మ అని."



"మనోడు కాదులే మారెమ్మా. ఊరికొక మారెమ్మ ఉంటాది," అన్నాడు ఆంజినప్ప నేల చూస్తూ.

"ఇంగా అబద్ధమేనా అన్నా? నీ లెక్క సరిపోయిందా?"

ఆయన్ని అని ఏం లాభం? మొగుడు తనకు ద్రోహం చేశాడనుకుంది. ద్రోహం చేసింది తన నోరే. సంగటి కూడా తినిపించింది ఆ నోరు.

టీచర్‌కు అప్పుడు అర్థమైంది. ఫోన్ పక్కన పెట్టి ఆమె పక్కనే కూలబడింది.

మారెమ్మ అడిగింది.

"మట్టి ఎవురు జేసినారు మేడం?"

"నిన్న యేసన్నకు ఫోన్ చేసినానమ్మా. సొంతోళ్ళు లేకుంటే శవాన్ని ఇచ్చేది లేదన్నారంట. 'నువ్వేమవుతావు' అని రాసి ఉన్న చోట, ఆ ముసలాయన 'నాయన' అని రాసి సంతకం పెట్టినాడంట."