బోణీ అయిందా?

“బోణీ అయిందా, బాబూ?”

ఎదురు కొట్టు ముసలాయన గుమ్మంలో నిలబడి అడిగాడు.

“ఇంకా లేదు, పెదనాన్నా,” అన్నాడు నిదాల్, కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే.

ముసలాయన తల పంకించి వెళ్లిపోయాడు.

లోపల కొడుక్కి టిఫిన్ సర్దుతున్న ఫిర్యాల్ చేతిలోంచి ఆలివ్ కాయల గిన్నె జారింది.

“లేదని ఎందుకు చెప్పావురా? అయిందని చెబితే నోరు నొప్పా?”

“కానిదాన్ని అయిందని ఎలా చెప్పనమ్మా?”

“ఆయన కళ్లు మంచివి కావురా.”

ఇర్బిద్ పట్నం బజారులో ఆ రెండు కొట్లూ ఎదురెదురు. ముసలాయన అబూ రాతిబ్ అమ్మేది పాతకాలపు గల్లా యంత్రాలు. మీట నొక్కితే గంట మోగి సొరుగు తెరుచుకుంటుంది. నిదాల్ అమ్మేది కొట్లకు బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్. బిల్లు కొట్టగానే ఏ సరుకు ఎంత మిగిలిందో కూడా అదే చెప్పేస్తుంది.

తన పొట్ట కొట్టడానికి వచ్చిన కుర్రాడి బాగు ఎవరు కోరుకుంటారు? ఫిర్యాల్ అనుమానం అదే.

భర్త బట్టల కొట్టు మూతపడిన చలికాలంలోనే ఆయన గుండె ఆగింది. కొడుకు బ్యాంకు ఉద్యోగం మానేసి ఈ కొట్టు తెరిచినప్పటినుంచీ ఆమెకు ఆ చలికాలమే కళ్లముందు తిరిగేది. ఫోను ఎత్తడం ఆలస్యమైతే భయం. ఎత్తి దగ్గితే ఇంకా భయం.

దిష్టి తగలకుండా రోజూ కొట్టు మూల పటిక కాల్చేది. కరిగి పొంగిన పటికలో ఆమెకు ఎప్పుడూ ఒక ముసలి కన్నే కనిపించేది.

బేరాలు మాత్రం రాసాగాయి.

వచ్చినవాళ్లలో చాలామంది ముందు ఎదురు కొట్టు మెట్లెక్కేవారు. ఖాళీ చేతులతో దిగి, రోడ్డు దాటి నిదాల్ దగ్గరికి వచ్చేవారు.

“చూశావా, ఆయన సరుకు ఎవరికీ నచ్చట్లేదు,” అని నవ్వేవాడు నిదాల్.

“నవ్వకురా. ఆయన కడుపుమంటంతా అక్కడే ఉంది.”

కంపెనీ పెరిగింది. మిఠాయి కొట్లు, మందుల షాపులు, రొట్టెల బట్టీలు. ఇర్బిద్ దాటి జర్కా, అక్కణ్ణించి అకబా. ఆ ఒక్క గదిలో కుర్చీ తిప్పితే పక్కవాడి మోకాలికి తగిలేది. కొత్తగా చేరిన అమ్మాయిలు మెట్లమీద కూర్చుని, మిషన్ బిల్లు కొట్టట్లేదని అరిచే షాపులవాళ్లకు ఫోన్లలో సర్దిచెప్పేవారు.

చోటు కావాల్సి వచ్చింది.

ఎదురు కొట్టు అడుగుదామంది ఫిర్యాల్. నిదాల్ ఒప్పుకోలేదు. పెద్దాయన ఈ వయసులో ఎక్కడికి పోతాడు, మేడమీద గది చూద్దామన్నాడు.

ఆమె కొడుక్కి చెప్పకుండా ఆ కొట్టు ఓనరు ఇంటికి వెళ్లింది. ఫిర్యాల్ ఓనరు భార్య పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుంది. ఆ కళ్లు ఎదురుగా ఉన్నంతకాలం నా బిడ్డ నాకు దక్కడని ఏడ్చింది. అద్దె ఎక్కువే ఇస్తామని కూడా చెప్పింది.

కొన్నాళ్లకే అబూ రాతిబ్‌ను ఖాళీ చేయమన్నారు.

ముసలాయనకు ఓపిక లేక తనే వదిలేస్తున్నాడని కొడుక్కి చెప్పింది.

సామాను వ్యానుకెక్కించిన పొద్దున ఆయన రోడ్డు దాటి వచ్చాడు. నిదాల్ ఊళ్లో లేడు. గుమ్మంలో ఫిర్యాల్ అడ్డంగా నిలబడింది.

“బోణీ అయిందా, ఉమ్ నిదాల్?” నిదాల్ తల్లిని ఆయన పిలిచేది అలాగే.

“మీరు కదిలాక అవుతుందిలెండి.”

ఆయన ఎప్పటిలాగే తల పంకించాడు.

ఆయన ఆ ఏటి చలికాలం దాటలేదు. ఇంట్లో ఊరికే కూర్చోవడం ఆయన వల్ల కాలేదని బజారులో అనుకున్నారు. పరామర్శకు నిదాల్ వెళ్లాడు. ఫిర్యాల్ తలనొప్పి అని పడుకుంది. చావింట్లో ఆయన కళ్లు తన వెంటపడతాయేమోనని ఆమె భయం.

వసంతం వచ్చేసరికి ఎదురు కొట్టు నిదాల్ అద్దాల ఆఫీసు అయింది. ఒకరోజు అజ్లూన్ నుంచి మిఠాయి కొట్ల అబూ కరమ్ పాత కొట్టుకే వచ్చాడు. నిదాల్ మొట్టమొదటి బేరం ఆయనదే. ఇప్పుడు ఇంకో కొట్టు తెరుస్తున్నాడు.

“అబూ రాతిబ్ ఏడీ? కనబడడే?”

నిదాల్ చెప్పాడు.

అబూ కరమ్ కుర్చీలో కూలబడి, పోయినవారి కోసం చదివే ఫాతిహా చదివి, చేతులు రెండూ ముఖం మీద రాసుకున్నాడు. కాఫీ తెస్తున్న ఫిర్యాల్‌ను చూసి, చావు కబురుకు తాగేది చేదు కాఫీయేనని, తన దాంట్లో చక్కెర వేయొద్దన్నాడు.

“మొదటి రోజు ఆయన యంత్రాలు నచ్చకే కదా మా దగ్గరికొచ్చారు,” అన్నాడు నిదాల్, ఏదో ఒకటి మాట్లాడాలని.

“ఎవరు చెప్పారు నీకు? యంత్రం కొనాలనే ఆయన దగ్గరికి వెళ్లాను. ‘నాకు బోణీ అయింది, ఎదురుగా ఉన్న కుర్రాడికి ఇంకా కాలేదు, అక్కడికెళ్లు’ అన్నాడు. నేను కదలకపోతే భుజం పట్టుకుని రోడ్డు దాటించాడు. పాత బజారు మనుషుల పద్ధతి అది. మా బావమరిదినీ అలాగే పంపాడు. ఇంకెంతమందిని పంపాడో మరి.”

నిదాల్ అద్దాల ఆఫీసు వైపు చూశాడు.

ఫిర్యాల్ పళ్లెం బల్లమీద పెట్టింది. కాఫీ ఒలికింది. తుడవలేదు.

“అన్నా,” అంది. “మరి మిమ్మల్ని పంపిన పొద్దున ఆయనకు నిజంగానే బోణీ అయిందా?”

“ఎలా అవుతుందమ్మా,” అన్నాడు అబూ కరమ్, “నేను వెళ్లేసరికి ఆయన షట్టర్ ఇంకా సగమే లేచింది, మిగతా సగం ఎత్తడానికి చెయ్యి వేసింది నేనే.”