వంకరపోని బాణాలు

సేవ్ నొక్కగానే పెద్దసారు హాస్కెల్ భాషలో రాసిన కోడ్ చెల్లాచెదురైంది. ప్రతి లైనులో పేరు పక్కన స్పేసులు కొట్టి కొట్టి, గీత గీసినట్టు ఒకదాని కింద ఒకటి నిలబెట్టిన బాణం గుర్తులన్నీ తలోదిక్కూ పోయాయి.

"ఎవరు నా ఎడిటర్‌లో చెయ్యి పెట్టింది?"

"నేనే సార్," అంది కొత్తమ్మాయి. "అందరి కోడూ ఒకేలా ఉండాలని ఫార్మాటర్ పెట్టాం. సేవ్ చేస్తే అదే సర్దేస్తుంది."

"సర్దడమా ఇది? చీపురుకట్ట విప్పి పారేసినట్టుంది! స్పేస్ కొట్టడానికి బద్ధకం, నాకు శుభ్రం నేర్పుతారా మీ మొహాలకి?"

పక్క సీట్లవాళ్లు తలలు వంచుకున్నారు. అది చూసి ఆయనకు కడుపు నిండింది. ఈ మూకకి కోడ్ రాయడమూ రాదు, చూడడమూ రాదు.

"మధ్యలో ఈ కొత్త లైనేంటి?"

"రద్దయిన ఆర్డర్లకీ సరుకు వెళ్లిపోతోందని గోదాంవాళ్లు రోజూ మొత్తుకుంటున్నారు కదా సార్. తప్పు ఇక్కడే ఉంది. ఆర్డరు ఏ స్థితిలో ఉంటే ఏం చెయ్యాలో ఒక్కోదానికీ ఒక లైనుంది, రద్దుకే లేదు. అది చేర్చాను."

"ఎప్పుడు కనిపెట్టావు?"

"చేరిన వారమే. నాకంటే ముందే అందరికీ తెలుసు."

"తెలిసి ఏం చేస్తున్నారు, గాడిదలు కాస్తున్నారా?"

ఆ అమ్మాయి తెరమీద కొత్త లైను చూపించింది. "రద్దుకి పెట్టాల్సిన పేరు పొడుగు సార్. అది చేరిస్తే మీ బాణాలన్నీ పక్కకి జరపాలి. ఒక్కటి వంకరపోయినా మీ నోటికి ఎవరు తట్టుకుంటారు? ఇప్పుడు జరిపింది ఫార్మాటర్. దాన్నెంత తిట్టినా దానికి తగలదు."

అబద్ధమని ఒక్కరైనా అంటారేమోనని ఆయన పక్క సీట్ల వైపు చూశాడు.

వంచిన తలలు వంచినట్టే ఉన్నాయి.