సూటి చూపు

తెల్లారేసరికి హంసలదీవిలో పున్నారావు చెరువులో రొయ్యలన్నీ చచ్చి తేలాయి. అతను ఇంటిల్లిపాదినీ గట్టు మీద నిలబెట్టాడు.

"పురుగుమందు పోసిందెవరు? నా కళ్లలోకి చూసి చెప్పండి. తప్పు చేసినోళ్లు చూడలేరు. టీవీ సీరియల్లో సైకాలజీ డాక్టరు ప్రతి కేసూ ఇట్టాగే పట్టేస్తాడు."

కిందటేడు గొలుసు పోయినప్పుడు ఈ పరీక్షలోనే తమ్ముడి భార్య అనసూయ దొరికింది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ బావగారి ముందు ఆమె తల ఎత్తలేదు. ఆరోజూ ఎత్తలేదు. అందరి ముందూ దొంగ అనిపించుకుంది. తర్వాత గొలుసు పున్నారావు పెట్టెలోనే దొరికింది. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆమె తలెత్తి అతని కళ్లలోకి సూటిగా చూసింది.

"నాకేం తెలుసు బావగారూ?"

"ఈ అమ్మాయి కాదు," అన్నాడు పున్నారావు.

అనసూయ ఇంటికెళ్లి చేతులు మళ్లీ సబ్బుతో కడుక్కుంది. మందు వాసన ఇంకా పోలేదు.