లెక్కలోకి రాని నాలుగు రాళ్లు

"ఆరు రాళ్లు తెచ్చి రెండే లెక్కలో వేశావేంటమ్మా?" అంటూ ప్రొఫెసర్ ఆ కాగితాన్ని శిష్యురాలి వైపు జరిపారు.

పీఠభూమి మీద నేల చీలిన చోట ఒక వాగు గట్టు తెగి, వంద మీటర్లు పక్కకు జరిగింది. గట్టు మీది రాళ్ల వయసు తేలితే, నేల ఏడాదికి ఎంత జరుగుతోందో తెలుస్తుంది. ఆమె ఉంచిన రెండు రాళ్లకూ ఇరవై వేల ఏళ్లు. అంటే ఏడాదికి ఐదు మిల్లీమీటర్లు. పాతికేళ్ల కిందట ఆయన తేల్చిందీ అచ్చంగా అంతే. తీసేసిన నాలుగింటికీ పదివేల ఏళ్లే. వాటి ప్రకారం నేల రెట్టింపు వేగంతో కదులుతోంది.

"ఆ నాలుగూ తర్వాతెప్పుడో పైనుంచి దొర్లాయనుకున్నాను సార్."

"అనుకున్నావా, చూశావా? మన అంకె నమ్ముకునే ఆ చీలిక పక్కన ఆసుపత్రి కట్టారు. బుద్ధుండక్కర్లా?"

ఆమె బీరువాలోంచి ఆయన పాత నోటుపుస్తకం తీసి, ఒక పేజీ తెరిచి ముందు పెట్టింది. అక్కడా ఆరు రాళ్లే. నాలుగింటిని ఆయన చేత్తోనే కొట్టేసి, పక్కన 'దొర్లినవి' అని రాసి ఉంది.

ఆయనకు తల కొట్టేసినట్టయింది.

"మీరు చూశారా సార్?" అని ఆమె మెల్లగా అడిగింది.

ఆయన కళ్లద్దాలు తీసి ఆ పేజీ మీద పెట్టారు.

"లేదమ్మా. మా గురువుగారు అప్పటికే ఐదు మిల్లీమీటర్లని రాసేశారు. ఆయన్ని కాదనడానికి నాకు నోరు రాలేదు."

"నాకూ రాలేదు సార్," అందామె తలెత్తకుండా.