ఇరవై తొమ్మిదో పుస్తకంలో వంటవాడు

చచ్చిపోయినవాడు నూట పన్నెండో పేజీలో గరిటె పట్టుకుని నిలబడ్డాడు.

ఎడిటర్ ఆ పేజీని బల్ల మీద పెట్టి, వేలితో రెండుసార్లు తట్టాడు. "ఇతనెవరండీ?"

చిత్రకారిణి కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. అది తొమ్మిదేళ్ళుగా ఆమె గీస్తున్న మాంగా, జపాను తరహా బొమ్మల కథ. ఆరుగురు కుర్ర వీరులు, ఒక మంత్రఖడ్గం, ఎన్నిసార్లు చంపినా చావని రాక్షసరాజు. ఇప్పుడు ఇరవై తొమ్మిదో పుస్తకం. ఆఖరి యుద్ధానికి ముందు వీరులు ఆరుగురూ నెగడు చుట్టూ కూర్చున్నారు. వాళ్ళ వెనక చీకట్లో ఇనప పళ్ళ వంటవాడు.

"వంటవాడు," అంది.

"పదకొండో పుస్తకంలో చచ్చిపోయాడు కదా?"

"అవును."

"ఎలా?"

"తల తెగి."

"ఆ తల ఏమైంది?"

"లోయలో పడింది. పడటానికే రెండు పేజీలు పట్టింది."

"మరి ఇక్కడ మెడ మీదే ఉందేమిటి?"

చిత్రకారిణి పేజీని దీపం కిందికి జరిపింది. బట్టతల, చెంప మీద గాటు, పై వరసలో ఊడిన ఒక పన్ను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. వాడే.

"ఇది నేను గీయలేదు," అంది.

ఎడిటర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పోయిన పుస్తకంలో ఎడం చెయ్యి తెగినవాడు చప్పట్లు కొట్టాడు. ఉత్తరాలు బస్తాల్లో వచ్చాయి. ఇంకొక్క తప్పు దొర్లితే కథకి మంగళం పాడేస్తానని మా పెద్దాయన అప్పుడే చెప్పారు. అయిదింటికి ప్రెస్సుకి ఎక్కాలి. సరిచేసిన పేజీ ఒకటి, తప్పు చేసిన మనిషిని పనిలోంచి తీసేశామని కాగితం ఒకటి. రెండూ పట్టుకొస్తేనే మొహం చూపించమన్నారు."

ఆ గదిలో పనిలోంచి తీసెయ్యడానికి వీలున్న మనిషి ఒక్కడే ఉన్నాడు. కిటికీ పక్కన కూర్చుని కోటగోడకి ఇటుకలు గీస్తున్న అసిస్టెంటు. అతని కలం ఆగిపోయింది.

"నేను కాదక్కా," అన్నాడు.

"మరెవరు?"

"నేను గోడలు, కొండలు, పొగ గీస్తాను. ప్రాణమున్నవాటి జోలికి పోను. ఆ మధ్య గుర్రం గీస్తే మీరు కుక్కనుకున్నారు."

"గాడిదనుకున్నాను."

"చూశారా? నా చేతికి వంటవాడు వస్తాడా?"

"నువ్వూ గీయలేదు, నేనూ గీయలేదు. మరి వాడంతట వాడే నడిచొచ్చాడా?"

"లోయలోంచి," అన్నాడు ఎడిటర్.

అసిస్టెంటు లేచి నిలబడ్డాడు. "తీసెయ్యకండక్కా. తొమ్మిదేళ్ళు ఇటుకలే గీశాను. బయటికెళ్తే ఇటుకలు గీయడానికి నన్నెవరు పిలుస్తారు? పిలిచినా నిజం ఇటుకలు మొయ్యమంటారు."

చిత్రకారిణి అతని వంక చూడలేకపోయింది. గోడ గడియారం నాలుగు చూపిస్తోంది. సొరుగు లాగి తెల్లకాగితం తీసింది. అసిస్టెంటు పేరులో మొదటి అక్షరం రాసింది.

"ఒక్క నిమిషం," అన్నాడు ఎడిటర్. అతను భూతద్దం తీసి పేజీ మీదికి వంగాడు. "గుండిగ చూడండి. చెయ్యి కాలకుండా గుడ్డ మడిచి పట్టుకున్నాడు. పొంగిపోకుండా మూత వారగా పెట్టాడు. ఇది గీసిన మనిషికి వంట వచ్చు. మీకొచ్చా?"

"నీళ్ళు కాయడం వచ్చు," అంది చిత్రకారిణి.

"అవి కూడా మాడతాయి," అన్నాడు అసిస్టెంటు.

"నీకొచ్చా?"

"హోటల్‌కి దారి వచ్చు సార్."

ఎడిటర్ భూతద్దం కింద పెట్టాడు. "అసలు ఈ మూల మీరేం గీశారు?"

"ఏమీ లేదు. ఉత్త చీకటి. పెన్సిలుతో 'నలుపు' అని రాసి వదిలేశాను."

"నలుపు నింపేదెవరు?"

వెనక బల్ల దగ్గర్నుంచి పొద్దుటి నుంచీ వినిపిస్తున్న రబ్బరు చప్పుడు ఆగిపోయింది.

చిత్రకారిణి అత్తగారు ఒళ్ళో పడిన రబ్బరు పొట్టు దులుపుకుంది. మొదటి పుస్తకం నుంచీ పెన్సిలు గీతలు చెరిపేదీ, నలుపు నింపేదీ ఆవిడే.

"నేనే," అంది.

"అత్తయ్యా, మీకు బొమ్మలు వెయ్యడం ఎప్పుడొచ్చింది?"

"పదకొండు పుస్తకాలు వాడి మొహం మీద గీతలు చెరిపాను. ఆ మాత్రం చెయ్యి తిరగదా?"

"వాడు చచ్చిపోయాడని మీకు తెలుసుగా?"

"తెలీకేం? లోయంతా నలుపు నింపింది ఎవరనుకున్నావు?"

ఎడిటర్ గొంతు సవరించుకున్నాడు. కాగితం మీద రాసిన ఆ ఒక్క అక్షరం కొట్టేసి, పక్కన కలం ఆనించాడు. "అయితే ఇక్కడ పెద్దమ్మగారి పేరు రాయాలి."

చిత్రకారిణి మొహంలో రంగు మారింది. "మా ఆయన ఊళ్ళో లేరు. వచ్చాక రాస్తే కుదరదా?"

"అయిదింటికి ప్రెస్సండీ."

అసిస్టెంటు చప్పుడు కాకుండా కూర్చుని మళ్ళీ ఇటుకలు మొదలుపెట్టాడు. ఎడిటర్ వెనక బల్ల దాకా వెళ్ళాడు.

"పెద్దమ్మా, ఆ పేరు రాసే ముందు ఒక్క మాట. తల తెగినవాణ్ణి తీసుకొచ్చి అక్కడెందుకు నిలబెట్టారు?"

ఆవిడ అతని వైపు చూసింది. అరల్లో వరసగా ఉన్న పుస్తకాల వైపు చెయ్యి చూపించింది.

"పదకొండో పుస్తకంలో మా కోడలు వంటవాణ్ణి చంపేసింది, ఆ తర్వాత ఇన్ని పుస్తకాల్లో ఆ పిల్లలు ఒక్క పూట అన్నం తిన్న పేజీ ఉంటే చూపించు బాబూ, అప్పుడు నా పేరు రాసుకో."